మద్యపాన వ్యసనం: ఇంటి మౌనం, బడి బాధ్యత

(యానాంలోని తెలుగు మాధ్యమ పాఠశాల ప్లాటినం జూబ్లీ సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాల పండుగ చేసుకొనేటప్పుడు, అక్కడ చదివి డాక్టర్లు, ఇంజనీర్లు, అధ్యాపకులు, అధికారులు అయినవారి పట్టిక చదవడం ఆనవాయితీ. అది చదవవలసినదే. అయితే ఏ బడిలోనైనా పాత హాజరుపట్టీలు తిరగవేస్తే మరొక పట్టిక కూడ కనిపిస్తుంది. ఎనిమిదవ తరగతి వరకు చక్కగా వచ్చి, తొమ్మిదిలో నెలకు పది రోజులు రాక, పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టే వేళకు పేరు కొట్టివేయబడిన పిల్లల పట్టిక అది. కారణం రాయవలసిన చోట "కుటుంబ పరిస్థితులు" అని ఉంటుంది. ఆ రెండు మాటల వెనుక అనేక సందర్భాలలో ఒక సీసా ఉంటుంది. ఈనాటి ప్రసంగం ఆ సీసాను గూర్చి. అంతకంటె ఎక్కువగా, ఆ సీసాను దాచిపెట్టే ఇంటి మౌనాన్ని గూర్చి.

ఈ విషయం ప్రస్తావించడానికి యానాం కంటె తగిన ఊరు లేదు. ఈ మాట కొందరికి కష్టంగా తోచవచ్చు. గోదావరి జిల్లాలలో యానాం పేరు చెప్పగానే ఫ్రెంచి పాలననో, మంగళవారం సంతనో, గౌతమీ తీరాన్నో తలచుకోవలసినవారు కొందరు చిన్న నవ్వు నవ్వి సీసాను తలచుకుంటారు. ఆ నవ్వు వెనుక ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది.

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. 1948 నాటికి అది రాష్ట్రమంతటికీ విస్తరించింది. అప్పటికి యానాం ఫ్రెంచివారి చేతిలో ఉంది. కాలువకు ఆవలి గట్టున నిషేధం, ఈవలి గట్టున అంగడి. 1954 నవంబరు 1న ఈ ఊరి పరిపాలన భారతదేశానికి సంక్రమించింది. అదే నెలలో కర్నూలులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలుగువారి రాజకీయాలలో సీసా బరువు ఎంతటిదో ఆ ఒక్క ఓటు చెబుతుంది. తరువాత కూడ పుదుచ్చేరి పన్నులు వేరు, ఆంధ్ర పన్నులు వేరు. 30 చదరపు కిలోమీటర్ల ఊరు కావడం వలన, ఎటు నడిచినా సరిహద్దు దగ్గరలోనే. ధరలలో తేడా వచ్చినప్పుడల్లా జనం ఇటు నడిచారు.

ఆ నడక అన్నిటికంటె ఎక్కువగా సాగిన కాలం 1995. దానికి మూలం ఒక పాఠం. పాఠశాల పండుగలో ఆ కథ కొంత తీరికగా చెప్పుకోదగినది.

నెల్లూరు జిల్లాలో 1991లో వయోజనులకు అక్షరాలు నేర్పే ఉద్యమం సాగింది. పగలంతా కూలికి వెళ్ళిన స్త్రీలు రాత్రిపూట లాంతరు దగ్గర చేరి పలకలు పట్టారు. వారి వాచకంలో సీతమ్మ అనే ఇల్లాలి కథ ఒకటి ఉంది. భర్త కూలి డబ్బు సారా కొట్టులో పోయడం, ఇంట్లో పొయ్యి వెలగకపోవడం అందులోని విషయం. చదువు నేర్పడానికి రాసిన చిన్న పాఠమే అది. గొప్ప సాహిత్యమని ఎవరూ అనుకొని ఉండరు. అయినా అది చదివిన స్త్రీలకు ఒక విచిత్రమైన సంగతి తెలిసివచ్చింది. ప్రతి ఇల్లాలూ తన ఇంటి రహస్యమనుకొని గుండెలో దాచుకొన్నది అచ్చులో ఉంది. పక్కింటామె కూడ అదే పేజీ చూసి తల దించుకొన్నది. అంటే అది రహస్యం కాదు, అందరి ఇళ్ళలోనూ ఉన్నదే.

ఆ కాలంలో సారా, ప్రభుత్వం వారి 'వారుణి వాహిని' పథకం పుణ్యమా అని, ప్లాస్టిక్ ప్యాకెట్లలో గడప ముందుకే వచ్చేది. దూబగుంట గ్రామంలో స్త్రీలు ఏకమై సారా కొట్టు మూయించారు. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారు 'దూబగుంట రోశమ్మ'గా రాష్ట్రమంతటా పేరు పొందారు. 1992లో ఆ ఉద్యమం ఊరి నుండి ఊరికి పాకింది. చీపురు, కారప్పొడి వారి ఆయుధాలు. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి కాగానే సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు. 1995 జనవరి 16న అది అమలులోకి వచ్చింది. 1997లో సడలింపబడింది.

ఆ రెండేళ్ళూ యానాంలో ఎలా గడిచాయో సభలోని పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. గౌతమిపై అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు. కోనసీమవారు రేవు దాటి వచ్చేవారు. కాకినాడ వైపువారు బస్సులలో వచ్చేవారు. వ్యాపారం వర్ధిల్లింది. వర్ధిల్లిందని నొచ్చుకొన్నవారూ ఉన్నారు, సంతోషించినవారూ ఉన్నారు. అందులో ఎవరినీ నిందించనక్కరలేదు. చట్టం అనుమతించిన వ్యాపారమే అది. పుదుచ్చేరి ఖజానాకు ఎక్సైజు నేటికీ ముఖ్యమైన ఆదాయమే.

అయితే ఒక్కటి గమనించాలి. నిషేధం వచ్చినప్పుడు నెలకు ఒకటి రెండుసార్లు సరదాకు తాగేవాడు మానుకొన్నాడు. దూబగుంట స్త్రీలు తమ ఇళ్ళలో కొంతకాలం చూసిన వెలుగు అబద్ధం కాదు. నిషేధం దండుగ అని తేల్చివేసే మేధావులు ఆ స్త్రీలను అడిగి ఉంటే బాగుండేది. కాని రేవు దాటి, పంటు మీద నిలబడి, వణికే చేతులతో వచ్చినవాడు సరదాకు వచ్చినవాడు కాదు. వాడికి జబ్బు ఉంది. దుకాణం మూతపడినంత మాత్రాన జబ్బు నయం కాదు. అది మరొక దుకాణాన్ని వెతుక్కొంటుంది. ఆ మనిషికి కావలసింది వైద్యుడు. ఆ రోజులలో ఆ సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నేటికీ పట్టించుకొన్నది తక్కువే.

వ్యసనాన్ని జబ్బు అన్నప్పుడు కొందరు పెద్దలకు కోపం వస్తుంది. "జబ్బేమిటి, కొవ్వు" అంటారు. శరీరంలో జరిగేదేమిటో తెలిస్తే ఆ కోపం కొంత తగ్గవచ్చు.

క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. అందులో సుమారు 43 శాతం ఆల్కహాలు. తూకం వేస్తే 60 గ్రాములు. ఆరోగ్యవంతుని కాలేయం గంటకు ఏడు నుండి పది గ్రాములకు మించి దహించలేదు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం, కాఫీ, వాంతి, వీటిలో ఏదీ ఆ వేగాన్ని పెంచదు. రాత్రి పదింటికి ముగించిన క్వార్టరు దిగడానికి తెల్లవారుజాము నాలుగు దాటుతుంది, కొందరికి ఆరు. ఆరింటికి మోటారు సైకిలు తీసి బిడ్డను ట్యూషనుకు దింపే తండ్రి తాను మత్తులో లేననుకొంటాడు. ఆయన రక్తం ఆ మాట ఒప్పుకోదు.

బీరు విషయంలో భ్రమ మరింత పెద్దది. కాలేజీ కుర్రవాడు "బీరే కదా" అంటాడు. ఇంట్లోవారు ఊపిరి పీల్చుకొంటారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరులో ఎనిమిది శాతం వరకు ఆల్కహాలు ఉంటుంది. అంటే ఒక్క సీసాలో 40 గ్రాములు. రెండు సీసాలు క్వార్టరును మించిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము దాని దెబ్బకు గురయ్యే భాగాలు. "కొంచెం తీసుకొంటే గుండెకు మంచిది" అనే మాట పెళ్ళి విందులలో ఇంకా వినిపిస్తుంది. ఆరోగ్యానికి ఏ హానీ లేని మోతాదంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ప్రకటించింది.

రోజూ తాగేవాని మెదడు ఈ మత్తుకు ఎదురుగా తనను తాను బిగించుకొంటుంది. మత్తు అణచేకొద్దీ మెదడు లోపల ఉద్రేకం పెంచుకొంటుంది. అందుకే మొదట్లో తొంభై మిల్లీలీటర్లకు తూలినవాడు కొన్నేళ్ళకు క్వార్టరు తాగి కూడ నిలబడతాడు. ఊళ్ళో దానిని సామర్థ్యమనుకొంటారు. "వాడు ఎంత తాగినా తూలడు" అనేది మెచ్చుకోలు మాట. వైద్యుడు ఆ మాట వింటే ఉలిక్కిపడతాడు. బానిసత్వానికి మొదటి గుర్తు అదే. ఆ దశ దాటాక తాగడం సుఖానికి కాదు, వణుకు ఆగడానికి.

ఇక ఇంటి మాట. ఏ వీధిలోనైనా ఉండగల ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. దానికి పేరు అక్కరలేదు.

ఆ ఇంటి యజమాని మంచి పనివాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఉదయం లేవగానే చేతులు వణుకుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకొంటాడు. వారానికి ఒకరోజు పనికి పోడు. మేస్త్రీ ఫోను చేస్తే ఇల్లాలు కొడుకు చేతికి ఇచ్చి "నాన్నగారికి జ్వరమని చెప్పు, బాబూ" అంటుంది. పన్నెండేళ్ళ పిల్లవాడు చెబుతాడు. అది వాడు నేర్చుకొన్న మొదటి పాఠం. అప్పులవాడు వచ్చినప్పుడు రెండవ పాఠం. చెవి దిద్దులు తాకట్టు పెట్టి, పుట్టింటివారు అడిగితే మెరుగుకు ఇచ్చానని ఆమె అన్నప్పుడు మూడవ పాఠం. పక్కింటామె "ఏం వదినా, రాత్రి గొడవేమిటి?" అంటే "టీవీ చప్పుడు" అంటుంది. బడిలో ప్రగతి పత్రం మీద తండ్రి సంతకం కావాలి. తండ్రి చెయ్యి నిలవదు. తల్లి పెడుతుంది, లేదా పిల్లవాడే ఆయన సంతకం నేర్చుకొంటాడు. ఉపాధ్యాయుడు దొంగ సంతకం పట్టుకొని బెత్తం తీస్తాడు. ఆ పిల్లవాడు దెబ్బలు తింటాడు గాని ఇంటి సంగతి చెప్పడు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆ తల్లి చేసిన ప్రతి పనీ పరువు కోసమే, ప్రేమతోనే. కాని ఆమె కప్పిన ప్రతిసారీ తాగుడు ఫలితాన్ని తాగినవాడు కాక ఇంకెవరో అనుభవించారు. మేస్త్రీ తిట్లు కొడుకు విన్నాడు. అప్పు దిద్దులు తీర్చాయి. ఆ మనిషికి తన జబ్బు తనకే కనిపించకుండా ఇల్లంతా అడ్డం నిలబడింది. పదేళ్ళు గడిచాక కాళ్ళు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఆస్పత్రికి వెళితే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఇన్నాళ్ళు ఏం చేశారు?" అని. ఇన్నాళ్ళు దాచారు.

అదే ఇంటిలో ఆ పిల్లవాణ్ణి సాయంత్రం సీసా తెమ్మని పంపడం కూడ జరుగుతుంది. దానిని తప్పుగా ఎవరూ భావించరు; "అబ్బాయి పని అందుకొంటున్నాడు" అనుకొంటారు. పిల్లలకు మద్యం ఇచ్చినా, మద్యం మోయడానికి, అందించడానికి, అమ్మడానికి పిల్లలను వాడుకొన్నా ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా అని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. సరిహద్దు ఊళ్ళలో ఈ నిబంధన ప్రతి గడపకూ తెలియాలి. కొద్దిపాటి రూపాయలకు ఆశపడి సంచి అవతలికి మోసే కుర్రవాడు చట్టం దృష్టిలో బాధితుడు. పంపినవాడు నేరస్థుడు, ఆ పంపినవాడు కన్నతండ్రి అయినా సరే.

దాచడం మానివేసిన కుటుంబాలు తరచుగా చేసే పొరపాట్లు రెండున్నాయి. అవి ప్రాణాంతకమైనవి కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

మొదటిది, ఒక్కసారిగా మాన్పించడం. గదిలో పెట్టి తాళం వేస్తారు. లేదా గుడిలో ఒట్టు వేయిస్తారు. ఏటా కార్తీక మార్గశిరాలలో అయ్యప్ప దీక్ష తీసుకొని నలభై ఒక్క రోజులు సీసా ముట్టనివారు ఊరికి పదుల సంఖ్యలో కనిపిస్తారు. అది గౌరవించదగిన నిష్ఠ. ఆ నలభై ఒక్క రోజులు పిల్లలు తండ్రి ఒడిలో కూర్చొని అన్నం తింటారు. ఆ ఇంటివారికి ఆ నియమం విలువ తెలుసు. మాల తీసిన రోజు సాయంత్రమే తిరిగి ప్రారంభించేవారు కూడ ఉన్నారన్నది ఆ ఇంటివారికే ఇంకా బాగా తెలుసు. అయితే ఇక్కడ చెప్పవలసినది వేరొకటి. అలవాటు మాత్రమే ఉన్నవాడు ఒక్కరోజులో మానగలడు. శరీరం బానిస అయినవాడు అలా మానితే, ఆరు గంటలు తిరగకముందే వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఒకటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఊరు పేరు గుర్తుండదు. దానిని గాలి సోకిందనుకొని భూతవైద్యుని పిలిచిన ఇళ్ళున్నాయి. అది గాలి కాదు. అణిగి ఉన్న మెదడు ఒక్కసారిగా విరుచుకుపడటం. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో అయితే మందు మోతాదును రోజురోజుకు తగ్గిస్తూ, బి-1 విటమిను ఇంజెక్షను ఇస్తూ, వారం పది రోజులలో ఆ గండం దాటిస్తారు. కనుక రోజూ తాగేవాడు "రేపటి నుండి మానేస్తాను" అన్నప్పుడు ఆనందంతో కొబ్బరికాయ కొట్టడం మంచిదే, కాని అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళడం అంతకంటె అవసరం.

ఇది మద్యానికే పరిమితం కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోగానే, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి ఎందరో వణుకుతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో ఆస్పత్రులకు చేరారు. వారు తాగుతున్నది చెట్టు కల్లు కాదు. డైజిపాం, ఆల్ప్రజోలాం, క్లోరల్ హైడ్రేటు కలిపిన నీళ్ళు. కల్తీని ఆపడం న్యాయమే. మరునాడు ఆ తాగేవారి గతి ఏమిటని ముందుగా ఆలోచించకపోవడం లోపం.

రెండవ పొరపాటు, భోజనంలో రహస్యంగా మందు కలపడం. "తెలియకుండా సాంబారులో వేయండి, నెలలో మానేస్తాడు" అని గోడల మీద ప్రకటనలుంటాయి. డైసల్ఫిరాం అనే మందు ఒకటి నిజంగానే ఉంది. 1940లలో డెన్మార్కులో దాని ప్రభావం బయటపడింది. అది శరీరంలో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. రోగికి అన్నీ చెప్పి, గుండె, కాలేయం పరీక్షించి, అతని అంగీకారంతో డాక్టరు ఇస్తే అది ఉపకారం. తెలియకుండా కలిపితే, ఆ రాత్రి క్వార్టరు తాగినవాని గుండె ఆగిపోవచ్చు. ఇక పేరులేని పొడులలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. భార్య ప్రేమతో కలిపిన పొడి భర్త ప్రాణం తీస్తే ఆమెను ఎవరు ఓదారుస్తారు?

కల్తీసారా గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథనాలు కలిసిన సారా తాగి 60 మందికి పైగా మరణించారు. మిథనాలు ముందు కంటినరాన్ని తింటుంది. తాగిన మరునాడు "కళ్ళు మసకగా ఉన్నాయి" అంటే క్షణం ఆలస్యం చేయరాదు.

పిల్లల విషయానికి వస్తే, గంజాయి మాట తప్పదు. ఆంధ్ర ఒడిషా సరిహద్దు కొండల నుండి బయలుదేరిన సరుకు దేశమంతా తిరుగుతూ దారిలోని ఊళ్ళను తాకుతుంది. "ఆకే కదా, సాధువులు తాగుతారు కదా" అనే వాదన కుర్రవాళ్ళకు కొత్త కాదు. మెదడు పూర్తిగా పక్వం కావడానికి ఇరవై అయిదేళ్ళ వయస్సు వస్తుంది. అంతవరకు రోజూ గంజాయి తాగేవారిలో జ్ఞాపకశక్తి మందగించడం, కొందరిలో భ్రమలతో కూడిన మానసిక వ్యాధి రావడం వైద్యులు చూస్తున్నారు. ఇంకా చిన్న పిల్లలు సైకిలు పంక్చరు సొల్యూషను, వైట్‌నరు గుడ్డలో వేసి పీలుస్తారు. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ నిర్వహించిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. ఇలా పీల్చే అలవాటుకు పెద్దలకంటె పిల్లలలోనే ఎక్కువ శాతం గురవుతున్నారని అది తేల్చింది. మిగిలిన మత్తు పదార్థాలతో పోలిస్తే ఇది తలక్రిందులైన లెక్క. స్టేషనరీ దుకాణంలో అయిదు రూపాయలకు దొరికేది మత్తుపదార్థమని తల్లిదండ్రులకు తోచదు.

అటువంటి పిల్లవాడు దొరికినప్పుడు బడి ఏం చేస్తుంది? సాధారణంగా టి.సి. ఇచ్చి పంపుతుంది. బడి పేరు నిలుస్తుంది, పిల్లవాడు పోతాడు. ఇంటి తల్లి పరువు కోసం చేసే పనినే బడి కూడ చేస్తున్నదన్నమాట. చట్టమే అంత కఠినంగా లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు గల చోట చికిత్సకు సిద్ధపడి దానిని పూర్తి చేస్తే, విచారణ నుండి మినహాయింపు ఇస్తుంది. న్యాయస్థానం ఇవ్వగలిగిన అవకాశం ప్రధానోపాధ్యాయుల గది ఇవ్వలేకపోవడం శోచనీయం.

ఆ 2019 సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. అందులో 5 కోట్ల 70 లక్షల మందికి సహాయం అవసరం. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందినవారు 38 మందికి ఒకరు. మిగిలిన 37 మంది ఎక్కడున్నారన్న ప్రశ్నకు జవాబు కష్టం కాదు. ఇళ్ళలో ఉన్నారు, జ్వరం పేరుతో.

చికిత్స అంటే పెద్ద ఖర్చు అనే భయం ఉంది. కాకినాడ ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రత్యేక మానసిక వైద్యశాల ఉంది. పుదుచ్చేరిలో జిప్‌మర్ ఉంది. మానసిక విభాగం అనగానే "పిచ్చాస్పత్రికా?" అని మొగవాడు మొండికేస్తాడు. అక్కడికి చేరేది పిచ్చివారు కాదని, వ్యసనానికి వైద్యం తెలిసిన డాక్టర్లు కూర్చొనే గది అదేనని ఇంటివారు నెమ్మదిగా చెప్పాలి. తాగి ఉన్న రాత్రి కాదు, తెల్లవారిన తరువాత చెప్పాలి. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను సంఖ్య 14446. మానసిక ఆరోగ్య సలహాకు 2022లో ఏర్పడిన టెలిమానస్ సంఖ్య 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో 1935లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు వ్యాపారి, ఒకరు డాక్టరు, ఒకరినొకరు నిలబెట్టుకోవడానికి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ నేడు భారతదేశంలోని అనేక నగరాలలో కూడ సమావేశమవుతున్నది. రుసుము లేదు, పూర్తి పేరు అడగరు. భార్యాపిల్లల కోసం దానికి తోడుగా అలనాన్ అనే మరొక సంఘం ఉంది.

చికిత్స పొందినవాడు మళ్ళీ తాగవచ్చు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. "ఎంత ఖర్చు పెట్టినా కుక్కతోక వంకరే" అని బంధువులు చేతులు దులుపుకొంటారు. మధుమేహం ఉన్నవాడు సంక్రాంతికి నాలుగు అరిసెలు తిని చక్కెర పెంచుకొంటే ఆ మాట ఎవరూ అనరు. మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకుపోతారు. తాగుడు జబ్బుకు కూడ అంత ఓపిక చాలు. అయితే ఓపిక అంటే దెబ్బలు భరించడం కాదు. భార్యను, పిల్లలను కొట్టే చోట ముందు వారి రక్షణ, తరువాతే అతని చికిత్స. ఈ క్రమం తారుమారు చేసి ఆడపిల్లకు సర్దుకుపొమ్మని చెప్పే పెద్దమనుషుల పంచాయతీలు ఇంకా అంతరించలేదు.

పూర్వవిద్యార్థులు ఈ జూబ్లీకి గదులు కట్టించాలని, కంప్యూటర్లు ఇవ్వాలని తలపెట్టడం సంతోషకరం. వాటికి తోడుగా నెలకొకసారి తల్లుల సమావేశం జరిపితే దానికి సిమెంటు అక్కరలేదు. దూబగుంటలో జరిగింది అదే: ఒక పాఠం, కొందరు స్త్రీలు, ఒకరి ముఖం ఒకరు చూసుకొనే వీలు. ఉపాధ్యాయులు వరుసగా మూడు సోమవారాలు రాని పిల్లవాణ్ణి "ఎందుకు రాలేదు?" అని తరగతిలో నిలబెట్టి అడగడానికి బదులు, విరామ సమయంలో పక్కకు పిలిచి "ఇంట్లో అంతా బాగున్నారా, నాన్నా?" అని అడిగితే, మొదటిసారి "బాగున్నారు మాస్టారూ" అంటాడు. రెండవసారి కూడ అంటాడు. మూడవసారి అడిగేవరకు వేచి ఉండాలి.

ఇంకొక చిన్న సూచన. ప్రగతి పత్రం వెనుక పేజీ చాలా బడులలో ఖాళీగా ఉంటుంది. అక్కడ 14446, 14416 అనే రెండు సంఖ్యలు, కాకినాడ ఆస్పత్రి విభాగం పేరు తెలుగులో అచ్చు వేయించడానికి అదనపు ఖర్చు ఏమీ కాదు. ఆ పత్రం ఏడాదికి నాలుగుసార్లు ఇంటికి వెళుతుంది. తండ్రి సంతకం చేసినా, తల్లి చేసినా, పిల్లవాడే దొంగతనంగా చేసినా, ఎవరో ఒకరు దానిని వెనక్కు తిప్పి చూస్తారు.